సీటుకు రాజ్యాంగం, ఫీజుకు జీవో



స్మారకోపన్యాసంలో మొదటి పావుగంట స్మరణీయుల గుణగణాలకు కేటాయించడం రివాజు. ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు ఉండగా ఎవరైనా ఆ పని మొదలుపెడితే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చునేవారు. ఇక ఆపమనడానికి అది గుర్తు. కాబట్టి ఒక్క మాట చెప్పి విషయంలోకి వెళ్తాను. ఆయన ప్రభుత్వ కాలేజీలో పబ్లిక్ ఫైనాన్స్ చెప్పారు. బడ్జెట్ పుస్తకం చేతికిచ్చి, ‘బడ్జెట్ అంచనాలు’ అన్న కాలమ్ వదిలేసి, రెండేళ్ల కిందటి ‘లెక్కలు’ అన్న కాలమ్ చదవమనేవారు. సర్కారు ఏం చేద్దామనుకుందో మొదటిది చెబుతుంది, ఏం చేసిందో రెండోది చెబుతుంది. అర్హులైన విద్యార్థుల ఫీజును ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం గురించి మాట్లాడటానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

ఈ పథకానికి వ్యతిరేకంగా మాట్లాడటానికి నేను రాలేదు. పల్లెలో ఏ ఇంటి తలుపు తట్టి, మీ ఇంట్లో మొదటి ఇంజనీరు ఎలా చదివాడమ్మా అని అడిగినా రీయింబర్స్‌మెంట్ మాట వస్తుంది. ఆ పిల్లలు ఇవాళ మాదాపూర్‌లో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు, డాలస్‌లో ఉన్నారు. ఇది జరిగిన మేలు, దాన్ని ఎవరూ కాదనలేరు. నా ఫిర్యాదు ఆ మేలు దేని మీద నిలబడిందన్న దాని గురించి.

ఈ పథకంలో రెండు ప్రశ్నలున్నాయి. స్థానికులెవరు? వారి ఫీజు ఎవరు, ఎప్పుడు కడతారు? మొదటి ప్రశ్నకు జవాబు రాజ్యాంగంలోని 371-డి అధికరణంలోనూ, దాని కింద వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులోనూ ఉంది. రెండో ప్రశ్నకు జవాబు ప్రభుత్వ ఉత్తర్వుల్లో, అంటే జీవోల్లో ఉంది. మొదటిదాన్ని మార్చాలంటే ఢిల్లీ దాకా వెళ్లాలి. రెండోదాన్ని మార్చడానికి సచివాలయంలో ఒక నోట్ ఫైలు కదిలితే చాలు. మన పిల్లలకు సీటు హక్కుగా వస్తుంది, ఫీజు మాత్రం దయగా వస్తుంది. ఈ తేడా వల్ల ఏమేం జరిగిందన్నదే ఇవాళ్టి ప్రసంగం.

స్థానికత సంగతి ముందు చూద్దాం. ఊరివాళ్లకు ఫీజు లేకుండా, పైవాళ్లకు ఫీజు పెట్టవచ్చా అన్న వివాదం మన దగ్గర పుట్టలేదు, ఇండోర్‌లో పుట్టింది. అక్కడి మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాలలో మధ్యభారత్ నివాసులకు క్యాపిటేషన్ ఫీజు ఉండేది కాదు, ఇతరులకు ఉండేది. ఢిల్లీ నుంచి వచ్చి చేరిన డి.పి. జోషి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1955లో తీర్పు వచ్చింది. రాజ్యాంగం వద్దన్నది పుట్టిన చోటును బట్టి చూపే వివక్ష. నివాసం వేరు, జన్మస్థలం వేరు. రాష్ట్రం తన సొమ్ముతో కాలేజీ నడుపుతూ, రేపు తన దగ్గరే వైద్యం చేసే అవకాశం ఉన్న పిల్లలకు రాయితీ ఇస్తే తప్పు లేదంది కోర్టు. ఐదుగురు న్యాయమూర్తుల్లో జస్టిస్ జగన్నాథదాస్ ఒక్కరే విభేదించారు.

ఆ తీర్పు ఒక తలుపు తెరిచింది కానీ, నివాసమంటే ఎన్నాళ్ల నివాసం అన్న ప్రశ్నను మనకే వదిలేసింది. ఆ ప్రశ్న మీద తెలుగువాళ్లు పెట్టుకున్నన్ని పంచాయితీలు దేశంలో ఇంకెవరూ పెట్టుకుని ఉండరు. ‘ముల్కీ’, అంటే స్థానికుడు, అనిపించుకోవాలంటే పదిహేనేళ్ల నివాసం ఉండాలని 1919 నాటి నిజాం ఫర్మానా అంది. ఉద్యోగాల కోసం పెట్టిన నియమమది. 1952లో హైదరాబాద్ వీధుల్లో స్థానికేతరులకు వ్యతిరేకంగా సాగిన ముల్కీ ఉద్యమం రక్తం చూసింది. 1969లో తెలంగాణ ఉద్యమం వచ్చింది. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అంటే జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. 1973లో ఆరు సూత్రాల పథకం, దాన్ని అమలు చేయడానికి 32వ రాజ్యాంగ సవరణ, దానితో 371-డి. 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు.

ఆ ఉత్తర్వును నేను చాలాసార్లు చదివాను. చదివిన కొద్దీ దాన్ని రాసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. అంతకుముందు ముల్కీ సర్టిఫికెట్ల కోసం ఎన్ని దొంగ కాగితాలు పుట్టాయో వాళ్లకు తెలుసు. అందుకే తాత ఎక్కడివాడని ఆ ఉత్తర్వు అడగలేదు. అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావని అడిగింది. అది కుదరకపోతే ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివావని అడిగింది. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులు మూడు స్థానిక ప్రాంతాలయ్యాయి. 85 శాతం సీట్లు స్థానికులకు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని కౌన్సెలింగ్ కేంద్రాల ముందు మన పిల్లలు నిలబడటానికి కారణం ఇదే. (మధ్యలో మూతపడిన ప్రైవేటు స్కూలు సర్టిఫికెట్ కోసం తిరిగిన తల్లిదండ్రులు ఈ సభలో తప్పకుండా ఉంటారు. వారి అనుభవం విడిగా ఒక ఉపన్యాసం అవుతుంది.) లోపాలున్నా, బడి రిజిస్టరులో ఉన్న హాజరును కొలమానంగా తీసుకోవడం గొప్ప ఆలోచన. పిల్లవాడి స్థానికతను పిల్లవాడి జీవితం నుంచే లెక్కకట్టింది.

ఇక డబ్బు వైపు చూద్దాం. దళిత విద్యార్థులకు మెట్రిక్ తర్వాతి చదువుకు కేంద్ర ఉపకార వేతనాలు 1944లో మొదలయ్యాయి. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో అంబేడ్కర్ సభ్యుడిగా ఉన్న కాలమది. ఆఫీసుల్లో ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ అని పిలుచుకునే రెండు భాగాలకు, అంటే బోధన రుసుముకూ పోషణ ఖర్చుకూ, మూలం అక్కడుంది. బీసీలకు, ఈబీసీలకు, అర్హులైన ప్రతి ఒక్కరికీ ఇంజనీరింగ్ దాకా ఫీజు కట్టే పథకం మాత్రం వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం తెచ్చింది.

దీన్ని ఆయన ఔదార్యమని కొందరు, ఓట్ల లెక్క అని కొందరు అంటారు. రెండూ నిజమే కావచ్చు. ఎక్కువమంది చూడని మూడో సంగతి ఒకటుంది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అన్నది. అంటే ఫ్రీ సీటు పిల్లవాడి ఖర్చు పక్క బెంచీ పిల్లవాడి తండ్రి భరించాడు. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పద్ధతిని కొట్టేసింది. ఒకరి ఫీజు ఇంకొకరి నెత్తిన వేయకూడదంది. 2003లో ఫీజులు ఖరారు చేసే కమిటీలు వచ్చాయి. ఫ్రీ సీటు అన్నది చట్టం నుంచి మాయమైంది. దాన్ని నమ్ముకున్న కుటుంబాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పక్క బెంచీ తండ్రి ఖాళీ చేసిన చోట ప్రభుత్వ ఖజానా వచ్చి కూర్చుంది. ఇది నా వ్యాఖ్యానం, చర్చకు పెడుతున్నాను. కానీ ఇలా చూస్తేనే ఒక సంగతి అర్థమవుతుంది. పేమెంట్ సీటు ఫీజు కాలేజీలో చేరేనాడే కట్టించుకునేవారు. ఖజానా కట్టే ఫీజుకు ఆ గడువు లేదు.

గడువు లేకపోవడం అంటే ఏమిటో చెప్పడానికి ముందు, జీవోతో స్థానికతనే మార్చబోయిన సందర్భం ఒకటి చెప్పాలి. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 95వ సెక్షన్ ప్రవేశాల్లో పాత కోటాలను పదేళ్లు కొనసాగించమంది. ఆ సెక్షన్ సీట్ల గురించి మాట్లాడింది, ఫీజు ఊసెత్తలేదు. రెండు నెలలు తిరగకుండానే, 2014 జులై 30న, తెలంగాణ ప్రభుత్వం 36వ నంబరు జీవోతో ‘ఫాస్ట్’ అనే పథకాన్ని ప్రకటించింది. 1956 నవంబరు 1కి ముందు నుంచి తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలకే ఫీజు కడతామంది.

ఆ జీవో వెనుక ఉన్న బాధ అబద్ధమని నేను అనను. ముల్కీ నిబంధనలను తుంగలో తొక్కిన తీరు, తెలంగాణకు రక్షణలు హామీ ఇచ్చిన పెద్దమనుషుల ఒప్పందం గతి, స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపమన్న 610 జీవో అమలు కాకుండా మూలపడిన తీరు చూసినవాళ్లకు కొత్త రాష్ట్రం మొదటి రూపాయి ఎవరి మీద పెట్టాలన్న పట్టుదల ఉండటం సహజం. కానీ ఆ జీవో ఏం చేసిందో చూడండి. 1996లో సికింద్రాబాద్‌లో పుట్టి, అక్కడే ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా చదివిన అమ్మాయికి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉస్మానియా పరిధిలో సీటు ఇవ్వాలి. ఇచ్చారు కూడా. అదే అమ్మాయి ఫీజు కోసం వెళితే, 1956లో మీ తాతగారు ఎక్కడున్నారని అడిగారు. సీటు కోసం ఒక స్థానికత, ఫీజు కోసం ఇంకొకటి. హైకోర్టు గట్టిగా ప్రశ్నించింది. 2015 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఫాస్ట్‌ను వెనక్కి తీసుకుని పాత పద్ధతికే వచ్చింది. ఈలోగా ఒక విద్యా సంవత్సరం చివరికొచ్చింది.

ఇదే సమయంలో ఆంధ్రప్రదేశ్ వైపు చూడండి. తెలంగాణ నుంచి తరలివచ్చే కుటుంబాల పిల్లలకు స్థానిక హోదా ఇవ్వాలనుకున్నప్పుడు ఆ ప్రభుత్వానికి జీవో సరిపోలేదు. రాష్ట్రపతి ఉత్తర్వునే సవరించమని కేంద్రాన్ని అడగాల్సి వచ్చింది. మొదట మూడేళ్ల గడువు, ఆ తర్వాత పొడిగింపులు. నెలల తరబడి ఫైళ్లు తిరిగాయి, విసుగు పుట్టింది. ఆ విసుగు మంచిదే. హక్కును మార్చడం అంత కష్టంగానే ఉండాలి.

స్థానికత గొడవ ముగిసిందనుకోవద్దు. 95వ సెక్షన్ పెట్టిన పదేళ్ల గడువు 2024లో తీరాక తెలంగాణ వైద్యవిద్యా ప్రవేశాల్లో తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న నిబంధన మళ్లీ కోర్టులకెక్కింది. ఇంటర్ కోచింగ్ కోసం పిల్లల్ని విజయవాడ పంపిన ఖమ్మం, నల్గొండ తల్లిదండ్రులకు గుండెలు జారాయి. 2025లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. తీర్పు మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, వాదన మాత్రం పిల్లవాడు ఎక్కడ చదివాడన్న దాని మీదే నడిచింది. 1974 నాటి కొలమానం ఇంకా బతికే ఉంది.

మళ్లీ ఫీజు దగ్గరికి. 2012 దాకా ఇంజనీరింగ్ కన్వీనర్ కోటా ఫీజు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. ఆ ఏడాది కాలేజీకో ఫీజు వచ్చింది, కొన్నింటిలో లక్ష దాటింది. అప్పటి ప్రభుత్వం 35,000 రూపాయల దగ్గర గీత గీసింది. ఎస్సీ, ఎస్టీలకు, ఎంసెట్‌లో పదివేల లోపు ర్యాంకు తెచ్చుకున్న ఇతరులకు పూర్తి ఫీజు, మిగతా అర్హులకు 35,000. గీత గీసినవాళ్లు పోయారు, రాష్ట్రమే రెండయింది, ఎంసెట్ పేరు కూడా పోయింది. గీత మాత్రం తెలంగాణలో అలాగే ఉంది. 2022లో ఫీజుల కమిటీ అక్కడ కనీస ఫీజునే 45,000 చేసింది. అంటే 35,000 మాత్రమే వచ్చే పిల్లవాడు అన్నిటికన్నా చవక కాలేజీలో చేరినా అతని ఇంటి నుంచి ఏడాదికి పదివేలు, నాలుగేళ్లకు నలభై వేలు కదలాలి. ఆ పదివేలు ప్రైవేటు అప్పుగా వస్తాయి, నూటికి రెండు రూపాయల వడ్డీకి, ఒక్కోసారి మూడు రూపాయలకు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన విద్యాదీవెన పూర్తి ఫీజు అంది, ఆదాయ పరిమితిని రెండున్నర లక్షలకు పెంచింది, మూడు నెలలకోసారి అంది. తర్వాత డబ్బును తల్లి ఖాతాలో వేసింది. తల్లి కాలేజీకి వెళ్లి ఫీజు కడుతూ చదువెలా ఉందని నిలదీస్తుందన్నది ఊహ. ఊహ చెడ్డది కాదు. కానీ ఒక విడత ఆలస్యమైతే కాలేజీ ఫోను ప్రభుత్వానికి వెళ్లడం మానేసి తల్లికి వచ్చింది. 2020 డిసెంబరులోనే 77వ నంబరు జీవో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారిని పథకం నుంచి తప్పించింది. 2024లో ప్రభుత్వం మారింది, డబ్బు మళ్లీ కాలేజీ ఖాతాకు వేస్తామంది. పేరు మారింది, దారి మారింది, పరిధి మారింది, మళ్లీ దారి మారింది. శాసనసభలో ఒక్క బిల్లు పెట్టాల్సిన అవసరం లేకుండానే ఇవన్నీ జరిగాయి.

ఆలస్యం ఎలా పుడుతుందో తెలియనివారి కోసం చెబుతాను. మీసేవలో కుల, ఆదాయ ధ్రువపత్రాలు, పోర్టల్‌లో దరఖాస్తు, కాలేజీలో వేలిముద్ర, సంక్షేమ శాఖ అధికారి పరిశీలన, మంజూరు, బిల్లు, ట్రెజరీ. ట్రెజరీలో బిల్లుకు టోకెన్ నంబరు పడుతుంది. కాగితాల మీద అక్కడితో పని అయిపోయినట్టే, డబ్బు విడుదలైనట్టే ప్రకటన వస్తుంది. టోకెన్ పడిన బిల్లుకు నగదు ఎప్పుడు వదలాలన్నది మాత్రం ఆర్థిక శాఖ చేతిలో ఉంటుంది. జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీలు పోగా మిగిలినదాని కోసం అన్ని శాఖల బిల్లులూ ఎదురుచూస్తాయి. కాంట్రాక్టరు కోర్టుకెక్కుతాడు, ఉద్యోగి ధర్నాకు కూర్చుంటాడు. పంతొమ్మిదేళ్ల విద్యార్థి ఏం చేస్తాడు? తన పేరు మీద ఎంత రావాలో కూడా అతనికి సరిగ్గా తెలియదు.

కోర్సు పూర్తయిన రోజున తెలుస్తుంది. నీ మీద ప్రభుత్వ బకాయి ఇంత ఉంది, కట్టి టీసీ తీసుకుపో, డబ్బు వచ్చాక తిరిగి ఇస్తాం అంటుంది కాలేజీ. అప్పు ప్రభుత్వానిది, అప్పు ఇచ్చినది కాలేజీ, తాకట్టులో ఉన్నది పిల్లవాడి సర్టిఫికెట్. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ ఎన్నిసార్లు చెప్పినా, ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడిన కుటుంబం ఆ సర్క్యులర్ పట్టుకుని వాదించదు. అప్పు చేసి కడుతుంది. ఆ డబ్బు తిరిగి రావడం గురించి అడిగితే నవ్వుతారు.

కాలేజీలన్నీ దొంగలేనని తీర్మానించడం సులువు. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందల దాకా వెళ్లాయి. చాలావాటికి ల్యాబులు తనిఖీ రోజునే పనిచేసేవి, ఊళ్లలో ఏజెంట్లు ల్యాప్‌టాప్ ఆశ చూపి పిల్లల్ని చేర్చుకునేవారు. వాటిని నేను వెనకేసుకు రాను. కానీ బకాయిలు ఎవర్ని దెబ్బతీస్తాయో గమనించండి. పేరున్న కాలేజీ మేనేజ్‌మెంట్ కోటా మీద బతికేస్తుంది. జిల్లాలో, నూటికి తొంభై మంది రీయింబర్స్‌మెంట్ పిల్లలే ఉన్న చోట లెక్చరర్‌కు నెలల తరబడి జీతం ఆగుతుంది, మంచి లెక్చరర్ వెళ్లిపోతాడు. పేద పిల్లలు ఎక్కువున్న కాలేజీయే ముందు కుంగుతుంది. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలే మూశాయి. చదువు చెప్పేవాళ్లు తలుపులు మూస్తే తప్ప ఖజానా తలుపు కదలని పద్ధతి ఎవరికీ గౌరవం కాదు.

ఈ సొమ్ముతో ప్రభుత్వ కాలేజీలు బాగుచేస్తే సరిపోయేది కదా అన్న వాదనను నేను సగం ఒప్పుకుంటాను. విశ్వవిద్యాలయాల్లో ఖాళీ అయిన అధ్యాపక పోస్టులు ఏళ్లతరబడి నిండకపోవడం మనం చూస్తున్నాం. కానీ చేరి చదువుతున్న పిల్లల్ని ఆ వాదనతో నడిదారిలో వదలలేం.

నేను అడిగేది చట్టం. రీయింబర్స్‌మెంట్‌ను జీవోల నుంచి తీసి శాసనసభ చేతిలో పెట్టాలి. ఫీజు బాకీ ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య లావాదేవీ అనీ, విద్యార్థి అందులో పక్షం కాడనీ అందులో స్పష్టంగా రాయాలి. గడువు దాటితే ప్రభుత్వమే వడ్డీ కట్టాలి. సర్టిఫికెట్ ఆపిన యాజమాన్యానికి జరిమానా పడాలి. స్థానికతకు రాష్ట్రపతి ఉత్తర్వు కొలమానం తప్ప ఇంకొకటి పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పథకాన్ని కుదించే ఏ నిర్ణయమైనా వచ్చే ఏడు చేరేవారికే వర్తించాలి. రెండో ఏడు చదువుతున్న పిల్లకు నియమాలు మార్చడం కుదరదు. ఇందులో వింతేమీ లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పదిహేను రోజుల్లో కూలి రాకపోతే పరిహారం ఇమ్మంది. ఆ పరిహారం సరిగ్గా అందలేదని మీరు అంటారు. నిజమే. అయినా ఆ చట్టం కూలీ చేతికి ఒక సెక్షన్ నంబరు ఇచ్చింది. విద్యార్థి చేతిలో అది కూడా లేదు.

ఖజానాలో డబ్బెక్కడిది అన్న ప్రశ్న న్యాయమైనది. స్కాట్లాండ్ ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. స్కాట్లాండ్ నివాసులకు మొదటి డిగ్రీకి ఫీజు లేదు. విద్యార్థి తరఫున ప్రభుత్వ సంస్థే ఏడాదికి 1,820 పౌండ్లు విశ్వవిద్యాలయానికి చెల్లిస్తుంది. పక్కనున్న ఇంగ్లండు పిల్లవాడు అదే క్లాసులో కూర్చుని తొమ్మిది వేల పౌండ్ల పైన కడతాడు. ఐరోపా సమాఖ్య నియమాల పుణ్యమా అని ఒకప్పుడు పోలండ్ విద్యార్థికి ఫీజు లేదు, న్యూకాజిల్ విద్యార్థికి ఉంది. బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి కొత్తగా చేరేవారికి ఆ వింత పోయింది. స్థానికత తలనొప్పులు మనకొక్కరికే లేవన్నమాట. అయితే ఉచితానికి అక్కడ ఒక ఖరీదుంది. ప్రభుత్వం కట్టే సీట్ల సంఖ్యకు పరిమితి పెడుతుంది. మంచి మార్కులున్న స్కాట్ పిల్లలకు కూడా ఒక్కోసారి సొంత ఊళ్లో సీటు దొరకదు. మనం ఆ బాధ పడకుండా అందరికీ సీటు ఇచ్చి, డబ్బు తర్వాత చూద్దామన్నాం. రెండింటిలో ఏది తక్కువ అన్యాయమో శాసనసభలో కూర్చుని తేల్చుకోవాల్సిందే. నా మటుకు, చేర్చుకున్నవారికి సమయానికి కట్టే పద్ధతి వైపే మొగ్గుతాను. దాని వల్ల సంఖ్య తగ్గితే, ఎవరిని తగ్గించామో ప్రభుత్వం బయటికి చెప్పాల్సి వస్తుంది. ఇప్పుడు బకాయిలు ఆ పనిని చడీచప్పుడు లేకుండా చేస్తున్నాయి.

బిల్లు రాయడం పెద్ద పని కాదు. ఖర్చుతో ముడిపడ్డ ప్రతి బిల్లుకూ ఆర్థిక వివరణ పత్రం జతచేయాలన్న నియమం ఉంది. అసలు కష్టం ఆ పత్రంలో ఉంది. ఏటా ఎంతమందికి, ఒక్కొక్కరికి ఎంత, ఏ పద్దు నుంచి అన్న మూడు గడులు అందులో నింపాలి. పాత బకాయిలను ఏ కాలంలో, ఎన్ని వాయిదాల్లో తీరుస్తారో చెప్పే నాలుగో గడి కూడా ఉండాలని నా కోరిక. ఇక్కడ రెండు రాష్ట్రాల శాసనసభ్యులను కలిసే అవకాశం ఉన్నవారు చాలామంది కనబడుతున్నారు. ముసాయిదా ఒకటి నా దగ్గర ఉంది, కావలసినవారికి ఇస్తాను. ప్రశ్నలకు అరగంట సమయం ఉందని అధ్యక్షులు చెబుతున్నారు. ముందు విద్యార్థులను అడగనివ్వండి.